పారిఖత్తులో రాయని నీళ్లు

మా ఇంటి గొడవ గురించి ఊర్లో అందరూ చెప్పేది ఒకటే: చీనీ (బత్తాయి) తోట కోసం అన్నదమ్ముల కొడుకులు కొట్టుకున్నారు, ఒకడి చెయ్యి విరిగింది, ఇంకొకడి తల పగిలింది, కేసులు పెట్టుకున్నారు, అంతే. అబద్ధమేం కాదు. కానీ మా ఇంట్లో కాయితాలు చదివే పని నాది, బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురంటే ఊర్లో ఇచ్చే హోదా అదే, ఏ కాయితం వచ్చినా వాట్సాప్‌లో ఫోటో తీసి పంపిస్తారు, చదివి అర్థం చెప్పాల. అట్ల ఈ గొడవకు సంబంధించిన ప్రతి కాయితం నేను చదివినా. 1997 నాటి పారిఖత్తు, అంటే అన్నదమ్ములు భూమి పంచుకున్న కాయితం, రెండు ఎఫ్ఐఆర్‌లు, ఊండ్ సర్టిఫికెట్లు, సాక్షుల స్టేట్‌మెంట్లు, ఇప్పుడు రీసర్వే తర్వాత వచ్చిన మ్యాపు. అన్నీ చదివినాక నాకు తెలిసింది ఏందంటే భూమి దగ్గర మావాళ్లకు ఒక్క సెంటు తేడా రాలేదు. తేడా అంతా నీళ్ల దగ్గరే వచ్చింది, అది కూడా ఆ నీళ్ల గురించి ఎవరూ ఏమీ రాసుకోకపోవడం వల్ల.

మాది అనంతపురం జిల్లాలో చీనీ తోటలు ఎక్కువుండే పక్క. ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లు అని పుస్తకాల్లో ఉంటుంది, ఆ సగటు పడిన సంవత్సరాలు మేం చూసింది తక్కువ. మా అబ్బకు వాళ్ల నాయన నుంచి వచ్చింది 11 ఎకరాల 40 సెంట్లు, ఎర్రనేల, మధ్యలో ఒక బావి. ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడిన బావి అది, తర్వాత ఆయిల్ ఇంజను పెట్టినారంట, నాకు జ్ఞాపకం ఉండేది మాత్రం 5 హెచ్‌పీ కరెంటు మోటారు. బావి కింద ఒక మడి వరి, మిగతాదంతా వాన మీద శెనక్కాయ. అబ్బ పోయినాక 1997లో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టుకుని ముగ్గురు కొడుకులూ పంచుకున్నారు, పెద్దనాయన, మా నాయన, చిన్నాయన, తలా 3 ఎకరాల 80 సెంట్లు. బావి పెద్దనాయన భాగంలోకి పోయింది, గట్టుకు ఆనుకుని.

ఆ కాయితం ఇప్పటికీ ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి, వెనక ప్లాస్టర్ అంటించి. స్టాంపు పేపరు మీద రాసుకున్నారు గానీ రిజిస్టర్ చేయలేదు, ఆ రోజుల్లో మా పక్క ఎవరూ చేసేవాళ్లు కాదు, ఖర్చెందుకని. చింతచెట్టు గురించి నాలుగు లైన్లు ఉంది దాంట్లో, కాయ దులిపించే కూలి ఎవరు పెట్టుకోవాల, దులిపినాక మూడు భాగాలు ఎట్ల చేయాల, కొమ్మ విరిగి పడితే కట్టెలు ఎవరివి. ఎద్దుల బండి గురించి ఉంది. జేజికి ఏడాదికి ఎవరు ఎన్ని మూటల జొన్నలు ఇయ్యాల, ఏ ఇంట్లో ఎన్ని నెలలు ఉండాల అని ఉంది. మా అత్త గురించి ఒక లైను, పండగలకు పసుపు కుంకుమ పెట్టవలెను అని. బావి గురించి కూడా ఒకే లైను: బావి ఉమ్మడి, వంతుల ప్రకారం వాడుకోవలెను. ఏ వంతు, ఎన్ని గంటలు, మోటారు కాలిపోతే ఎవరు కట్టించాల, నీళ్లు తగ్గితే ఏంది, ఒక్క ముక్క లేదు. ఎందుకు లేదంటే అందరికీ తెలుసు కాబట్టి. పొద్దు పుట్టినప్పటి నుంచి మళ్లీ పొద్దు పుట్టేవరకు ఒకరి వంతు, నాలుగో రోజు తిరిగి మొదటివాళ్లకు. ఎవరింట్లో అయినా పెళ్లో చావో అయితే వంతు మార్చుకునేవాళ్లు. ఎండాకాలం పూడిక తీసేటప్పుడు మూడిళ్లోళ్లూ దిగేది. నాకు తెలిసిన మేరకు ఆ వంతుల మీద మా ఇంట్లో ఒక్క పెద్ద మాట కూడా రాలేదు, ఎందుకంటే బావిలో నీళ్లు కంటికి కనపడతాయి. గోడ మీద తేమ గుర్తు చూసి నిన్న ఎవరు ఎంత తోడినారో చెప్పేసేవాడు మా నాయన.

2001 నుంచి 2004 దాకా వచ్చిన కరువులు బావిని చంపేసినాయి. మొదట ముగ్గురూ డబ్బులేసుకుని బావిలోనే బోరు దింపినారు, అది రెండేళ్లు నడిచింది. అది కూడా పోయినాక ఎవరి చేన్లో వాళ్లు వేసుకోవడం మొదలైంది. టెంకాయ పట్టుకుని పాయింటు చూసేవాడు వచ్చేది, అది అరచేతిలో నిలబడిన చోట సున్నం గీసేది, రాత్రికి రిగ్గు వచ్చేది. 2002లో వాల్టా చట్టం వచ్చింది, నీళ్లు, భూమి, చెట్లను కాపాడేదానికి, బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాల, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయకూడదు అని, కాయితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది. మా ఊర్లో రిగ్గు ఎప్పుడూ రాత్రిపూటే వచ్చేది, అంతకంటే ఏం చెప్పను. 2004 మే నెలలో ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడింది. రైతుకు ఉచిత కరెంటు దండగ అనేవాళ్లతో నేను కలవను, బోర్ల అప్పులతో మునిగినోళ్లకు అదే ఊపిరి. కానీ దాంతోపాటు ప్రతి మోటారుకూ ఒక ఆటో స్టార్టర్ వచ్చింది, కరెంటు రావడం ఆలస్యం ఊరు ఊరంతా ఒకేసారి లాగడమే, నీకు అవసరం ఉన్నా లేకున్నా నీ మోటారు తిరుగుతానే ఉంటుంది, ఎందుకంటే నువ్వు ఆపితే ఆ నీళ్లు పక్కోడు లాగుతాడు.

ఇక్కడ చట్టం ఏమంటుందో నేను తర్వాత చదివినా, చదివి కాసేపు నవ్వుకున్నా కూడా. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, ఒకరి భూమికి ఇంకొకరి భూమి మీద ఉండే హక్కుల గురించి, బ్రిటిషోళ్లది, దాని ప్రకారం కాలువలాగా ఒక దారి పట్టి పారని నీళ్లు నీ భూమి కింద ఉంటే అవి నీ హద్దుల్లో ఎంతైనా తోడుకోవచ్చు, అది నీ హక్కు. నీ బోరు వల్ల పక్కోడి బోరు ఎండిపోతే వాడు నిన్ను ఏమీ అడగలేడు. కపిల తోలే కాలంలో రాసినారు కాబట్టి అప్పటికి సరిపోయిందేమో, ఎద్దులు ఎంతసేపు తోలగలవు. 700 అడుగుల లోతు నుంచి సబ్మెర్సిబుల్ లాగుతుందని వాళ్లకేం తెలుసు. భూమికి హద్దు రాయి ఉంది, దాని కింద నీళ్లకు లేదు, ఒకే కుండలో ముగ్గురు చెంబులు ముంచినట్టు, ఎవరి చెంబు పెద్దదైతే వాళ్లది.

చిన్నాయన 2010లో చీనీ పెట్టినాడు, మూడెకరాలు, డ్రిప్పు సబ్సిడీలో వచ్చింది. చీనీ అంటే ఐదేళ్లు సాకాల, ఆ తర్వాతే కాయ. కాయ మొదలైన మరుసటి ఏడాది పెద్దనాయన పెద్దకొడుకు, నాకు అన్న వరస, అప్పు చేసి 700 అడుగులు బోరు వేసినాడు, రెండించుల నీళ్లు పడినాయి, ఊర్లో అందరూ వచ్చి చూసిపోయినారు. ఆరు నెలలకు చిన్నాయన బోరు బురద పోయడం మొదలుపెట్టింది. పెద్దనాయన బోరు వల్లనేనా? చిన్నాయన ఇంట్లో ఎవర్నడిగినా అవునంటారు. పెద్దనాయన ఇంట్లో అడిగితే ఆ ఏడాది చుట్టుపక్కల ఎన్ని బోర్లు పోలేదు అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే కావచ్చు. చిన్నాయన ఇంకో రెండు బోర్లు వేసినాడు, రెండూ ఫెయిల్, దుమ్ము తప్ప చుక్క రాలేదు. అప్పు మాత్రం వచ్చింది.

2019 వేసవి. ట్యాంకరు నీళ్లు చెట్టుకు నాలుగు బిందెల లెక్కన పోస్తే చెట్టు చావదు, కాయ నిలవదు. చిన్నాయన పోయి పెద్దనాయనను అడిగినాడు. అడగడమే పెద్ద విషయం, అప్పటికి వాళ్లిద్దరూ సరిగ్గా మాట్లాడుకుని ఏడాదైంది. పెద్దనాయన ఒప్పుకున్నాడు, "రాత్రి కరెంటులో రెండు గంటలు నీ తోటకు ఇడుసుకో, పగలంతా నాది" అన్నాడంట. పైపు చిన్నాయన వేసుకున్నాడు, గట్టు దగ్గర గేట్‌వాల్వ్ పెట్టినారు, రెండు వారాలు బాగానే నడిచింది. మా అన్నకు ఇది నచ్చలేదు. బోరు అప్పు కట్టేది వాడు, "ఇచ్చేది నువ్వు, వడ్డీ కట్టేది నేనా" అని వాళ్ల నాయనతో గొడవ. నిజం చెప్పాలంటే ఆ మాటలో న్యాయం లేదనలేను. కానీ వాడు చేసిన పని ఏందంటే, గేట్‌వాల్వ్ బిగించేసి, పైన తిప్పే చక్రం ఊడదీసి తన బండి డిక్కీలో పెట్టుకున్నాడు. వాల్వ్ ఉంది, పైపు ఉంది, తిప్పేదానికి చక్రం లేదు. ఇవ్వనని నోటితో అనలేదు, ఇయ్యలేదు కూడా. పెద్దనాయనకు ఈ సంగతి తెలీదంటాడు, తెలుసని మా అమ్మ అంటుంది.

ఆ రాత్రి కరెంటు పదకొండుకు వచ్చింది. చిన్నాయన కొడుకు, నా తమ్ముడి కంటే చిన్నోడు, తోట దగ్గరికి పోయి వాల్వ్ చూసినాడు, ఇంటికి పోయి పైపు రెంచి తెచ్చుకున్నాడు. రెంచితో వాల్వ్ తిప్పుతుంటే మా అన్న వచ్చినాడు, చేతిలో పార, కాలువ తెంపేదానికి తెచ్చుకున్న పారే అది, కొట్టేదానికి తెచ్చుకున్నది కాదని వాడి స్టేట్‌మెంట్‌లో ఉంది. "చక్రం యాడ పెట్టినావన్నా?" అని వీడు. "ఏ చక్రం?" అని వాడు. ఇంతవరకు ఇద్దరి స్టేట్‌మెంట్లూ ఒకటే, ఇక్కడి నుంచి వేరే. ముందు ఎవరు చెయ్యెత్తినారో నాకు తెలీదు, మా నాయనకు తెలుసు, ఆయన చెప్పడు. మా నాయన టార్చిలైటు పట్టుకుని పోయేసరికి ఇద్దరూ కలబడినారంట, మధ్యలో దూరినాడు, ఎవరి మోచెయ్యో తగిలి కింద పడినాడు. పార వెనకభాగం తగిలి చిన్నోడి ముంజేతి ఎముక విరిగింది, రెంచి తగిలి పెద్దోడి తల చిట్లింది. మా అమ్మ ఫోన్ చేసినప్పుడు ఏం జరిగిందో ముందు చెప్పలేదు, "మీ నాయనకు ఏం కాలేదు" అని మొదలుపెట్టింది, అట్ల మొదలుపెడితేనే భయమేస్తుంది కదా. వెనకనుంచి మోటారు శబ్దం వినపడతానే ఉంది, ఎవరూ ఆపలేదు, నీళ్లు ఎవరి తోటకు పోతున్నాయో కూడా చూసుకోలేదు.

ఆస్పత్రి దగ్గర ఇంకో లోకం. మన దగ్గర కొట్లాట అయినాక రెండు పార్టీలూ అడ్మిట్ అవుతాయి, దెబ్బ తగలనోడు కూడా ఒక మంచం పట్టుకుంటాడు, ఎందుకంటే కేసుకు కౌంటర్ కేసు ఉండాల, లేకుంటే రాజీ మాట్లాడేటప్పుడు చేతిలో ఏమీ ఉండదు. అంతా ఊండ్ సర్టిఫికెట్ మీద నడుస్తుంది, గాయం సింపులా గ్రీవియస్సా అని. ఎముక విరిగితే గ్రీవియస్. పన్ను ఊడినా గ్రీవియస్సే. అందుకే మా అన్న మీద 326 పడింది, చిన్నోడి మీద 324. ఇవన్నీ పాత ఐపీసీ నంబర్లు, 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చి నంబర్లన్నీ మారినాయి, మా కేసు ముందుది కాబట్టి పాతవే. మా నాయనకు ఆ రాత్రి కింద పన్ను ఒకటి ఊడింది. డాక్టరు అడిగితే "కాలు జారి పడినా సార్, డ్రిప్పు పైపు తట్టుకుని" అన్నాడు. కాంపౌండరు ఇద్దరి తరఫు మనుషులకూ తెలిసినోడు, పక్కకు పిలిచి అదే పన్నుతో ఇంకో సెక్షను పెట్టొచ్చని చెప్పినాడంట, ఎవరి మీద పెట్టాలో నువ్వే చెప్పు అన్నట్టు. మా నాయన పన్ను జేబులో వేసుకుని ఇంటికొచ్చినాడు.

పోలీసులు ఇద్దర్నీ బైండోవర్ చేసినారు, తహసీల్దారు ముందు పూచీకత్తు. లాయరు ఒకాయన 145 వేద్దామన్నాడు, ఆర్డీఓ ముందు. నేను దాన్ని తెరిచి చదివినా, సీఆర్‌పీసీ 145లో భూమి లేదా నీళ్లు అని నీళ్లను కూడా చేర్చి రాసినారు, అంటే ఈ రెండింటి మీద తలలు పగలడం అంత మామూలని వాళ్లకు ముందే తెలుసన్నమాట. కానీ దాంట్లో తేలేది ఆ తేదీకి ఎవరి స్వాధీనంలో ఉందనేదే, హక్కు ఎవరిదనేది సివిల్ కోర్టుకే పోవాల. మా దాంట్లో స్వాధీనం ఎవరిదో గొడవే లేదు. బోరు పెద్దనాయనది, పైపు చిన్నాయనది, చక్రం డిక్కీలో.

ఇక్కడ ఒక మాట. బెంగళూరులో ఆఫీసులో ఈ విషయం చెప్తే "ఓ, సీమ కదా, ఫ్యాక్షన్" అంటారు, సుమోలు, బాంబులు అని నవ్వుతారు. నాకు మండుతుంది. మా అన్న జీవితంలో ఎవరి మీదా చెయ్యి చేసుకున్నోడు కాదు, పోలీస్ స్టేషన్ గడప అదే మొదటిసారి. నీళ్ల కాడ కొట్లాటలు కాలువల కింద డెల్టాలోనూ ఉన్నాయి, బోర్ల కింద తెలంగాణలోనూ ఉన్నాయి. 2023 నవంబర్ చివర్లో నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడినారు, గేట్లు ఎవరు తిప్పాల అని. అది చూసి మా అమ్మ టీవీ ముందు అన్న మాట, "వీళ్లది కూడా చక్రమే".

తర్వాత రెండేళ్లు ఏమీ జరగలేదు, కరోనాలో కోర్టులు మూతపడినాయి, వాయిదాలు పడినాయి. చిన్నాయన తోటలో సగం చెట్లు కొట్టేసినాడు. 2021లో జేజి చనిపోయింది, పదకొండో రోజుకు చేన్లో రెండు షామియానాలు వేసినారు, ఒకే తల్లికి. చుట్టాలు ముందు దేంట్లో తినాలో తెలీక నిలబడినారు. దాని గురించి ఇంకా ఏమీ రాయలేను.

కలిపింది ఎవరంటే ప్రేమలూ పెద్దమనుషులూ కాదు, రీసర్వే. 2020 డిసెంబర్లో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది కదా, మా ఊరికి వచ్చేసరికి కొంచెం టైం పట్టింది. డ్రోన్లు, రోవర్లు, కొత్త రాళ్లు, పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు, అంటే ఒక్కో భూమి ముక్కకు ఒక మ్యాపు నంబరు. ముగ్గురికీ పాస్‌బుక్కులు వేర్వేరుగా ఉన్నాయి, ఏ భూమి ఎవరిదో చూపే 1బీ రికార్డులో వేర్వేరుగా ఉన్నాయి, కానీ రికార్డులో సబ్ డివిజన్ ఎప్పుడూ చేయించలేదు. దాంతో 11 ఎకరాల 40 సెంట్లూ ఒకే జాయింట్ ఎల్‌పీఎం కింద వచ్చేసింది, ముగ్గురి పేర్లతో. ఇది చాలా ఊర్లలో జరిగింది, మీ ఇంట్లో కూడా ఉండొచ్చు, చూసుకోండి. ఒకరి భాగం అమ్మాలన్నా బ్యాంకులో పెట్టాలన్నా మిగతా ఇద్దరితో చిక్కు. చిన్నాయనకు లోన్ రెన్యువల్ కావాల, మా అన్నకు కూతురి పెళ్లికి ఒక ఎకరా అమ్మాల. విడగొట్టించుకోవాలంటే అందరూ కూర్చుని సంతకాలు పెట్టాల. కోపం ఎన్నేళ్లైనా ఉంటుంది గానీ బ్యాంకు గడువు ఉండదు.

మరి కేసు? 326 రాజీకి రాదు. మేం కలిసిపోయినాం సార్ అంటే జడ్జి సరే అని కొట్టేసే సెక్షన్ కాదది. హైకోర్టుకు పోయి క్వాష్, అంటే కేసునే రద్దు చేయమని అడగొచ్చు, 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దానికి దారి చూపించింది, కానీ మళ్లీ ఖర్చు. అందుకని అందరూ చేసేదే మావాళ్లూ చేసినారు. చిన్నోడు బోనెక్కి చీకట్లో ఎవరు కొట్టినారో తెలీదన్నాడు. మా నాయన అదే చెప్పినాడు. ప్రాసిక్యూటర్ సాక్షులు అడ్డం తిరిగినారని రాయించుకున్నాడు, కేసు కొట్టేసినారు, కౌంటర్ కేసు కూడా అట్లే పోయింది. నాకు ఇది మింగుడు పడలేదు. ప్రమాణం చేసి అబద్ధం చెప్తే గానీ ఒక కుటుంబం మళ్లీ కలవడానికి లేకుండా పెట్టినారు చట్టాన్ని, అదొకటి. చిన్నోడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిరగదు, దానికి ఎవరూ జవాబుదారీ కాకుండా పోయినారు, అది ఇంకొకటి. ఆస్పత్రి ఖర్చు పెద్దనాయన ఇచ్చినాడు, అది పెద్దమనుషుల పంచాయితీలో తేలిన లెక్క, ఏ కాయితంలోనూ లేదు.

ఇప్పుడు కొత్త భాగపరిష్కార దస్తావేజు రాయిస్తున్నాం, ఈసారి రిజిస్టర్ చేసేది. డ్రాఫ్టు నా దగ్గరుంది. నేను పట్టుబట్టి పెట్టించినవి: కలిసి ఒక బోరు, ఎవరి చేన్లో ఉన్నా ముగ్గురిదీ. కరెంటు సర్వీస్ నంబరు రాయాల. వంతు అనే మాట రాసి వదిలేయకుండా ఏ రోజు ఎవరిదో, కరెంటు పోతే పోయిన గంటలు ఎట్ల సర్దుకోవాలో రాయాల. మోటారు కాలితే రివైండింగ్ ఖర్చు మూడు భాగాలు. బోరు ఎండిపోతే కొత్తది కలిసే వేయాల, విడిగా వేసేదుంటే మిగతా ఇద్దరి సంతకం ఉండాల. చిన్నాయన చేన్లోకి బండి పోయే దారి ఎన్ని అడుగులో రాయాల. ఈజ్‌మెంట్స్ చట్టం 13వ సెక్షన్‌లో ఉమ్మడి ఆస్తి పంచుకున్నప్పుడు ఒకరి భాగం అనుభవించేదానికి ఇంకొకరి భాగం మీదుగా హక్కు తప్పనిసరైతే అది వస్తుందని ఉంది, కానీ దాన్ని కోర్టులో నిరూపించుకుంటూ కూర్చునే బదులు రెండు లైన్లు రాసుకోవడం నయం కదా. లాయరు మొదట విసుక్కున్నాడు, "అమ్మా, దస్తావేజులో మోటారు రివైండింగ్ ఎవరైనా రాస్తారా" అని. చింతకాయ దులిపే కూలి రాసుకున్న ఇల్లు మాది, ఇది రాయలేమా అన్నా. చిన్నాయన కొడుకు ఒకే ఒక్క లైను అడిగినాడు, గేట్‌వాల్వ్ చక్రం ఎవరూ ఊడదీయకూడదు అని. అందరూ నవ్వినారు, వాడు నవ్వలేదు. రాసినాం.

అంతా అయిపోయిందనుకుంటే అత్త మిగిలింది. మా అత్త పెద్దనాయన తర్వాతది, 1983లో పెళ్లయింది. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు 1985లోనే వచ్చింది, దేశం కంటే ఇరవై ఏళ్ల ముందు, కానీ అప్పటికే పెళ్లయినోళ్లకు వర్తించదు. తర్వాత 2005లో కేంద్రం మార్చింది, పెళ్లయిందా లేదా అనే తేడా లేదు. తండ్రి అప్పటికే పోయుంటే? 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ తేదీకి తండ్రి బతికుండాల్సిన పని లేదని తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందు జరిగిన పంపకాలు కదపరు, కానీ అవి రిజిస్టరైనా అయ్యుండాల, కోర్టు డిక్రీ అయినా ఉండాల. మాది ప్లాస్టర్ అంటించిన స్టాంపు పేపరు. పాస్‌బుక్కులు వేరుగా ఉన్నాయి కాబట్టి వాదించొచ్చు, గెలుస్తామని చెప్పలేనన్నాడు లాయరు. అంటే అత్త సంతకం లేకుండా ఈ దస్తావేజు మీద ఎవరూ రూపాయి అప్పివ్వరు.

ముగ్గురు అన్నదమ్ములూ కలిసి అత్త ఇంటికి పోయినారు, 2019 తర్వాత ఒకే బండిలో పోవడం అదే మొదలు. మా తమ్ముడు డ్రైవింగు, నేను వీడియో కాల్‌లో. అత్త కాఫీలిచ్చి, డ్రాఫ్టు మొత్తం నాతో చదివించుకుని, "నాకు భూమి ఏం వద్దు, ఒక వంతు రాయండి" అంది. పెద్దనాయనకు అర్థం కాలేదు. "నీకు చేను లేదు, చెట్లు లేవు, నీళ్లేం చేసుకుంటావు?" "నేనేం చేసుకోను అన్నా. మీలో ఎవరికి తక్కువైతే వాళ్లు నాకు ఫోన్ చేసి అడగండి, నేనిస్తా. రేప్పొద్దున పిల్లోళ్లు మళ్లీ పార పట్టుకునే ముందు అడిగేదానికి ఒక మనిషి ఉండాల కదా." చిన్నాయన గడ్డం గీరుకుంటా ఉన్నాడు, మా నాయన మాత్రం వెంటనే "రాయండి" అన్నాడు.

లాయరు కుదరదన్నాడు. నీళ్ల హక్కు ఒక భూమిని అనుభవించేదానికి ఉంటుంది గానీ మనిషికి ఊరికే ఉండదంట, 1882 చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది, నేను కూడా చూసినా. కనీసం ఒక సెంటు భూమైనా ఆమె పేరున ఉంటే దానికి కలిపి వంతు రాయొచ్చన్నాడు. ఈ మాట ఫోన్లో చెప్తే అత్త ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "అయితే బావి ఉండే సెంటు రాయమని చెప్పు పాపా, ఎట్లా కంప పెరిగి ఎవరికీ పనికిరాకుండా ఉంది కదా."

పెద్దనాయన రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు మా తమ్ముడికి ఫోన్ చేసి, బావి గట్టుతో కలిపి ఎన్ని సెంట్లొస్తుందో ముందు కొలిపించండి, తర్వాత చూద్దాం అన్నాడు. సర్వేయరుకు చలానా కట్టినాం, కంప కొట్టేదానికి మనుషులు దొరకాల.